ఒక ఎత్తు విశ్రాంతి

ఉడికించిన చిలగడదుంప చరిత్ర గతిని మార్చగలదన్న సత్యాన్ని చరిత్రకారులు ఇంతవరకు గుర్తించలేదు. ఇది వారి లోపమే గాని దుంప లోపం కాదు. రాజ్యాలు కూలిన కారణాలలో కరవులనూ కుట్రలనూ అంతఃపుర కలహాలనూ లెక్కించిన మహానుభావులు, మైక్రోవేవ్‌లో ఆరు నిమిషాలు తిరిగిన నాలుగు దుంపలు ఒక మహాసేనను గమ్యానికి సరిగ్గా ఒక్క గీత ఇవతల నిలిపివేయగలవని ఊహించలేకపోయారు. నేను కళ్ళారా చూశాను కనుక రాస్తున్నాను.

గల్ముం రేవులోని మా వృద్ధుల విశ్రాంతి మందిరంలో గదులు రెండు: మగవారిది ఒకటి, ఆడవారిది ఒకటి. మధ్యలో వంటిల్లు. ఆడవారి గదిలో పూల బొమ్మల పేకముక్కలూ నవ్వులూ ఉంటాయి. మగవారి గదిలో జాంగీ బల్లా నిట్టూర్పులూ ఉంటాయి. జాంగీ అంటే మా చదరంగమే. ఎర్ర సేన ఒకటి, నీలి సేన ఒకటి. రథాలు, ఏనుగులు, గుర్రాలు, బంట్లు, వీటికి తోడు ఒక పావు మీదుగా గెంతి కొట్టే ఫిరంగులు చెరో రెండు. పావులు నిలిచేది గళ్ళలో కాదు, గీతలు కలిసేచోట; రాజు తన చిన్న కోట దాటడు. పెద్దవాడు ఎరుపు తీసుకుంటాడు, చిన్నవాడు నీలం తీసుకుని మొదటి ఎత్తు వేస్తాడు. మా గది గోడ మీద నాలుగు అక్షరాల పటం ఉంది: 'ఇల్సు బుల్తో', అనగా వేసిన ఎత్తుకు వెనుకడుగు లేదు. కుంచెతో రాసింది నేనే. ముప్పయ్యొక్కేళ్ళు బడిలో ప్రాచీన చీనా వాఙ్మయం బోధించిన పాపానికి, ఈ మందిరంలో రాతపని ఏదైనా నా నెత్తినే పడుతుంది. కార్యదర్శి అనే బిరుదు కూడా ఆ దారిలోనే వచ్చింది.

మా సేనాపతి కెప్టెన్ ప్యో జోంగ్‌దే. వయసు డెబ్భై తొమ్మిది. నలభై ఏళ్ళు నెత్తళ్ళు పట్టే పడవ నడిపాడు. ఏటా మే నెలలో హక్‌సోం దీవి వారితో మాకు పోటీ జరుగుతుంది. అటు సేనాపతి సల్ మున్‌గిల్, దీపస్తంభం కాపరిగా పదవీ విరమణ చేసినవాడు, వయసు ఎనభై ఒకటి. ఒకప్పుడు ఒక ఏడు మేము లాంచీ ఎక్కేవాళ్ళం, మరో ఏడు వాళ్ళు దిగేవాళ్ళు. ఇప్పుడు లాంచీ వారానికి రెండుసార్లే నడుస్తోంది. నడిచినా దాని నిచ్చెనకూ మా మోకాళ్ళకూ పొత్తు కుదరడం లేదు. అందుచేత జిల్లా కార్యాలయం వారు దయతలచి రెండు మందిరాలకూ చెరొక టాబ్లెట్ పంపి, దీన్ని 'జిల్లా వయోవృద్ధుల ఆన్‌లైన్ జాంగీ మహాపోటీ' అని నామకరణం చేశారు. మా కురుక్షేత్రం ఆ విధంగా పళ్ళెమంత గాజు పలక మీదికి దిగింది.

పోటీకి నెల ముందు ఒక ఉదయం, రేవు గట్టు మీద వలలు ఆరబెట్టేచోట, కెప్టెన్ నా పక్కన కూర్చున్నాడు. కాగితం కప్పులో బార్లీ కాఫీ సగమే పోయించుకున్నాడు. ఆ సగం కూడా అంచుల మీదుగా తొణుకుతోంది.

"చూశావుగా మాస్టారూ," అన్నాడు.

చూశాను. కుడి చెయ్యి, ఒడ్డున పడ్డ చేపలా, తనంతట తాను కొట్టుకుంటోంది.

"ఎప్పట్నించి అన్నా?"

"చలికాలం నించి. మా ఆవిడకి తెలుసు. ఇప్పుడు నీకు తెలుసు. మన మందిరంలోని వాగుడుకాయ బ్యోన్‌గాడికి తెలిస్తే మాత్రం ఊరంతా మైకు పెట్టినట్టే." కప్పు కింద పెట్టాడు. "ఈసారి ఆడతాను. బుర్రతో ఓడితే సరే, ఇరవై ఏళ్ళుగా అలవాటే. ఈ చెయ్యి వల్ల ఓడితే మాత్రం ఇంక ఆట ముట్టుకోను. జాలిపడి నాతో ఆడేవాళ్ళ ఎదురుగా నేను కూర్చోలేను."

పడవ అమ్మిన రోజున కూడా సాయంత్రం వచ్చి రెండాటలు ఆడి వెళ్ళిన మనిషి ఆయన. ఆట మానేస్తే పొద్దుటినుంచి రాత్రివరకు ఏం చేస్తాడో నాకు తెలియలేదు. ఆయనకూ తెలియదని ఆ కప్పు వంక చూస్తుంటే తెలిసింది.

పోటీనాడు మధ్యాహ్నం రెండు గంటలకు మగవారి గది నిండిపోయింది. వెచ్చటి నేల మీద కెప్టెన్ పద్మాసనం వేసుకుని, కుడి చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. మందిరంలో అందరికంటె చిన్నవాడు, డెబ్భై రెండేళ్ళ విశ్రాంత క్షురకుడు బ్యోన్ చిల్‌బోక్, పిలవకపోయినా వ్యాఖ్యాత పదవి స్వీకరించాడు. ఒక్కొక్కరికి పాతిక నిమిషాల గడువు. ఆటలో ఉన్నవాళ్ళు ఎదుటివారికి ఫోన్ చేయరాదు. వేసిన ఎత్తు వెనక్కి తీసుకునే మీట ఆ టాబ్లెట్‌లో లేనే లేదు. యంత్రం కూడా నా పటాన్ని చదివినట్టే ఉంది. ఉన్నదల్లా అడుగున 'విశ్రాంతి' అని ఒక మీట. జాంగీలో మాత్రం ఒక సౌకర్యం ఉంది: తన వంతు వచ్చినప్పుడు ఏమీ కదపకుండా 'ఒక ఎత్తు విశ్రాంతి' అని ఊరుకోవచ్చు. ఆత్మాభిమానం గలవాడు ఆ మీట జోలికి పోడు.

యుద్ధం ఆరంభమైంది. నీలి సేన కదిలింది, ఎర్ర సేన ఎదురు నిలిచింది. ఇరుపక్షాలలోనూ బంట్లు యథావిధిగా ముందు చచ్చారు.

"అన్నా, ఆ ఏనుగుని అక్కడ కట్టేసి మేత వేస్తున్నావా ఏంటి? కాస్త కదపవయ్యా!" అన్నాడు బ్యోన్.

"నువ్వు నాకు గడ్డం గీసేటప్పుడు నీ వాగుడంతా నోరు మూసుకుని విన్నాను కదరా. ఇప్పుడు నేను ఆడుతున్నాను, నువ్వు మూసుకో."

"అప్పుడు కత్తి నా చేతిలో ఉంది. అందుకు మూసుకున్నావు."

ప్రతి ఎత్తుకూ కెప్టెన్ చెయ్యి తొడ కిందనుంచి బయటికి వచ్చేది, గద్దలా ఒక్క క్షణం వాలేది, తిరిగి తొడ కిందికి పోయేది. అది వేగం అనుకున్నారు మిగతావాళ్ళు. దాచుకోవడం అని ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరిలో ఒకరైన ఒక్సిమ్ వదిన, అనగా కెప్టెన్ భార్య, వంటింటి గడపలో నిలబడి చూడలేక చూస్తోంది. చివరికి చూడలేని పక్షమే గెలిచి లోపలికి వెళ్ళింది. చేతులకు ఏదో పని కావాలి గనుక నాలుగు చిలగడదుంపలు కడిగి మైక్రోవేవ్‌లో పెట్టింది.

సరిగ్గా అదే సమయానికి కెప్టెన్ ఎడమ పక్క దారి తెరిచాడు. నీలి రథం నిలువుగీత మీద సూటిగా సాగి శత్రువు కోట అంచున నిలిస్తే, ఎర్ర రాజుకు దారి మూసుకుపోయినట్టే. ఇరవై ఏళ్ళలో సల్ గారి కోటలోకి అలాంటి వాకిలి తెరుచుకోవడం నేను చూడలేదు. బ్యోన్ సైతం నోరు మూశాడు. పంచాంగంలో రాసిపెట్టుకోదగ్గ ఘట్టం.

కెప్టెన్ రథాన్ని తాకాడు. తెర మీద చిన్న వలయం తిరగసాగింది. రథం కదలలేదు. ఆయన మళ్ళీ తాకాడు. వలయం తిరుగుతూనే ఉంది. చెయ్యి గాలిలో ఆగవలసి వచ్చింది. ఆ చెయ్యి ఆగలేదు. వలయం మాయమైన క్షణాన వేలి కొస గాజుకు ఎక్కడో తగిలింది. రథం పరుగెత్తి, గమ్యానికి ఒక్క గీత ఇవతల, ఎర్ర ఫిరంగి నోటికి ఎదురుగా, నిమ్మళంగా నిలబడింది.

వంటింట్లో టింగుమని గంట మోగింది. దుంపలు ఉడికాయి.

"నెట్!" అని అరిచాడు బ్యోన్. "నెట్ ఆగిపోయింది! వలయం తిరగడం నేను చూశాను! వదినా, మళ్ళీ ఆ డబ్బా పెట్టావా? ఆ డబ్బా తిరిగితే ఈ డబ్బా తిరగదని చెప్పానా లేదా?"

"అయ్యో నా మతి మండా!" అంటూ ఒక్సిమ్ వదిన చేతిగుడ్డతోనే పరుగెత్తుకొచ్చింది.

"ఇది చెల్లదు. మాస్టారూ, జిల్లా ఆఫీసుకి రాయండి. ఇప్పుడే రాయండి. యంత్రం చేసిన తప్పుకి మనిషి ఓడడమేంటి?"

నేను కలం తీశాను. నిజం చెప్పాలంటే అభ్యర్థన మొదటి వాక్యం మనసులో అప్పటికే సిద్ధమైంది. అందులో మూడు ప్రాచీన ఉపమానాలు కూడా ఉన్నాయి.

"కలం లోపల పెట్టు మాస్టారూ," అన్నాడు కెప్టెన్. గొంతు చాలా మెల్లగా ఉంది. "గోడ మీద రాసింది ఎవరు? నువ్వే కదా. వేసింది వేసినట్టే."

చెయ్యి మళ్ళీ తొడ కిందికి పోయింది. ఆయన చూస్తున్నది తెరను కాదు. తెర మీద కనిపిస్తున్న తన ముఖాన్ని. ఫిరంగి ఒక్క గెంతు గెంతితే రథం పోతుంది. రథం పోతే ఆట పోతుంది. ఆట పోతే ఆ రేవు గట్టు మీది మాట ఉండనే ఉంది. నేనూ ఒక్సిమ్ వదినా ఒకరినొకరు చూసుకోకుండా జాగ్రత్తపడ్డాం.

ఒక నిమిషం గడిచింది. ఫిరంగి కదలలేదు. రెండు నిమిషాలు గడిచాయి. అప్పుడు తెర అడుగున ఒక పంక్తి వెలిగింది:

ఎదుటివారు ఒక ఎత్తు విశ్రమించారు. మీ వంతు.

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. నోటి ముందు నిలిచిన రథాన్ని మింగకుండా, సల్ మున్‌గిల్ చేతులు ముడుచుకుని కూర్చున్నాడు. ఎత్తు వెనక్కి ఇచ్చే మీట లేని చోట ఎత్తును వెనక్కి ఇచ్చే ఉపాయం అదొక్కటే: తన వంతును తానే వదులుకోవడం. కెప్టెన్ ఇప్పుడు రథాన్ని ఒక్క గీత ముందుకు జరిపితే చాలు, ఏమీ జరగనట్టే.

"అబ్బ!" అన్నాడు బ్యోన్, కళ్ళు తుడుచుకుంటూ. "పెద్దమనిషి అంటే ఆయన. జరుపు అన్నా, జరుపు!"

కెప్టెన్ జరపలేదు.

"వాళ్ళ నెట్ కూడా పోయిందేమో," అన్నాడు.

"ఏంటీ?"

"ఆయన ఫిరంగి నొక్కబోతే యంత్రం విశ్రాంతి అని రాసుకుందేమో. అలాగైతే నేను జరిపానంటే దొంగని."

"ఎవరన్నా నోటికాడ ముద్ద వదిలేస్తే కారణం అడుగుతారా అన్నా? తిను!"

"అడుగుతారు," అన్నాడు కెప్టెన్. గడియారం తిరుగుతోంది, ఆయన ఖాతాలో పదకొండు నిమిషాలు మిగిలాయి.

నిబంధనలు ఆటగాళ్ళకు మాత్రమే ఫోన్ నిషేధించాయి. భార్యల ప్రస్తావన అందులో లేదు. శాసనకర్తలు సాధారణంగా చేసే పొరపాటే ఇది. ఒక్సిమ్ వదిన చేతిగుడ్డ భుజాన వేసుకుని హక్‌సోం మందిరంలోని ఆడవారి గదికి ఫోన్ కలిపి, అందరికీ వినబడేలా పెట్టింది. అటు ఎత్తింది సల్ గారి భార్యే.

"అక్కా, నేను ఒక్సిమ్‌ని. ఈ ఏడు మీ దగ్గర సముద్రపు నాచు బాగా ఆరిందా?"

"ఆరింది చెల్లీ, దానికేం. నువ్వు అడగాల్సింది నాచు గురించి కాదులే. మా ఆయన చూపుడువేలు పైకెత్తి, గదిలో అందరికీ చూపించి మరీ ఆ మీట నొక్కాడు. ఇక్కడ అందరూ ఆయన్ని తిడుతున్నారు."

వెనకనుంచి మగగొంతు వినిపించింది. దీపస్తంభం మీదనుంచి పడవలను పిలిచి పిలిచి బండబారిన గొంతు. "ఏవే, వాళ్ళతో చెప్పు. ఇరవై ఏళ్ళుగా ఆ రథం ఎక్కడికొచ్చి ఆగాలో నాకు తెలుసు. ఒక వీధి ముందే దిగిపోయే రథం కాదది. అక్కడెవరో మైక్రోవేవ్ పెట్టుంటారు. మా కొంపలోనూ ఉంది ఆ దరిద్రం."

గది గొల్లుమంది. ఒక్సిమ్ వదిన సిగ్గుతో సగం, ఊరటతో సగం నవ్వింది. వ్యవహారం అక్కడితో శుభంగా ముగియవలసింది. నెపం యంత్రం మీద ఉంది. యంత్రం అభ్యంతరం చెప్పలేదు. అందరి మర్యాదలూ దక్కాయి.

కెప్టెన్ తొడ కిందనుంచి కుడి చెయ్యి తీసి బల్ల మీద పెట్టాడు. అందరూ చూసేలా పెట్టాడు. అది బల్ల మీద టకటకా కొట్టుకుంది. పక్కనున్న కప్పులో నీళ్ళు వలయాలు వలయాలుగా కదిలాయి.

"వాళ్ళాయనకి చెప్పు," అన్నాడు భార్యతో. "సగం యంత్రం. సగం నా చెయ్యి. నెట్ ఆగినప్పుడు ఆగే చెయ్యి కాదిది, చలికాలం నించి. యంత్రం పేరు చెప్పి నేను ఎత్తు తీసుకోలేను. తెలిసి ఇస్తానంటే పుచ్చుకుంటాను, లేకపోతే ఫిరంగి పేల్చుకోమను."

బ్యోన్ లేచి వెళ్ళి, కప్పులో తొణికిన నీళ్ళు తన చొక్కా చేతితో తుడిచి, వచ్చి కూర్చున్నాడు. ఆ మనిషి జీవితంలో చేసిన అత్యుత్తమ వ్యాఖ్యానం అదే.

ఒక్సిమ్ వదిన ఫోన్‌లోకి చెప్పింది. మధ్యలో గొంతు ఒకసారి ఆగింది. ఈసారి నెట్ దోషం లేదు. సముద్రం మీద ఏదో లాంచీ కూత రెండు చోట్లా ఒకేసారి వినబడింది.

తరవాత బండగొంతు ఫోన్ దగ్గరికి వచ్చినట్టుంది. "ఆటగాడితో నేను మాట్లాడకూడదుగా. నువ్వే చెప్పమ్మా ఒక్సిమ్. చెయ్యి మటుకు యంత్రం కాకపోతే ఏంటి? ఎనభై ఏళ్ళ నాటి మోడల్. విడిభాగాలు దొరకవు, సర్వీసు సెంటర్ లేదు. నా కళ్ళు చూడు, కుడిదానికి శుక్లం, ఎడమదానికి బద్ధకం. తెరని ముక్కుకి ఆనించుకుని ఆడుతున్నాను. మీ ఆయన చెయ్యీ యంత్రమే, నా కళ్ళూ యంత్రమే. యంత్రం మొరాయిస్తే ఒక ఎత్తు ఆగడం మర్యాద. తొందరగా వెయ్యమను, టైమ్ అయిపోయి గెలిస్తే నాకు పరువు తక్కువ."

కెప్టెన్ తల వంచాడు. ఫోన్‌కు కాదు, దీవి ఉన్న దిక్కుకు. ఆ తరువాత ఎడమ చేత్తో కుడి మణికట్టును, తాడుతో పడవను కట్టినట్టు, గట్టిగా పట్టుకుని, రెండు చేతుల మనిషి ఒక్క వేలుగా మారి, రథాన్ని ఒక్క గీత ముందుకు జరిపాడు.

"జాంగున్!" అన్నాడు. రాజుకు గురిపెట్టినప్పుడు మా వాళ్ళు అనే మాట అది. పటం వేలాడుతున్న మేకు అదిరేలా అన్నాడు.

గది అంతా లేచింది. నేనూ లేచాను, మోకాలు ఏమనుకుంటుందో ఆలోచించలేదు. చరిత్ర మలుపు తిరుగుతున్నప్పుడు కూర్చుని ఉండడం విద్యావంతులకు తగదు.

ఫోన్‌లో ఏదో గాజుకు తగిలిన చప్పుడు, ముక్కో వేలో తెలియదు. తెర మీద ఒక మూలనుంచి, మేమందరం ఎప్పుడో మరిచిపోయిన ఎర్ర ఏనుగు ఒకటి, మధ్యాహ్నపు నిద్ర లేచినట్టు వచ్చి, రథానికీ రాజుకూ మధ్య అడ్డంగా నిలబడింది.

"మంగున్," అంది బండగొంతు, దాదాపు క్షమాపణలా. గురి తప్పించుకున్నవాడు అనే మాట.

"ఆ ఏనుగు ఎక్కడిది?" అన్నాడు బ్యోన్.

"మొదటినించీ అక్కడే ఉంది," అన్నాడు కెప్టెన్, తెర మీదికి వంగి. "ఆ వాకిలి ఆయనే తెరిచాడు. నన్ను లోపలికి రప్పించడానికి."

మరో పంతొమ్మిది ఎత్తులకు ఆట ముగిసింది. ప్రతి ఎత్తుకూ కెప్టెన్ రెండు చేతులూ వాడాడు, అందరి ఎదుటా, తొందర లేకుండా. ప్రతిసారీ అటునుంచి సల్ గారు తగినంతసేపు ఆగారు. బ్యోన్ అలవాటు కొద్దీ గుర్రాలను తిట్టాడు, బంట్లను తిట్టాడు, కెప్టెన్‌ను తిట్టాడు. జాలి అనే పదార్థం ఆ గదిలోకి రావడానికి సందు దొరకలేదు. చివరికి నీలి రాజు కోట మూలన ఒంటరిగా చిక్కాడు. ఓడిపోయానని ఒప్పుకునే మీటను కెప్టెన్ తానే నొక్కాడు.

మేము ముఖాలు వేలాడేశాం. ఆయన మాత్రం వెనక్కి వాలి, గోడకు వీపు ఆనించి, పెద్దగా నవ్వడం మొదలుపెట్టాడు. ఒక్సిమ్ వదిన కంగారుగా వచ్చింది.

"ఏమైంది ముసలాయనా? ఓడిపోయి నవ్వుతావేంటి?"

"బుర్రతో ఓడాను," అన్నాడు. "చెయ్యితో కాదు. విన్నావా? శుభ్రంగా, బుర్రతక్కువై ఓడాను!"

ఆవిడ అక్కడే కూర్చుండిపోయి, చేతిగుడ్డలో ముఖం పెట్టుకుంది. కెప్టెన్ ఒక దుంప అందుకుని, తొక్క తీయమని ఆవిడ చేతికే ఇచ్చాడు. తీసిన సగం తాను తిన్నాడు, మిగతా సగం ఆవిడ నోటికి అందించబోతే అది వణుకుతూ వెళ్ళి ఆవిడ ముక్కుకు తగిలింది. ఇద్దరూ నవ్వారు. నేను కిటికీ వైపు తిరిగి వాతావరణాన్ని పరిశీలించాను.

రెండు వారాలకు జిల్లా కార్యాలయం నుంచి బంగారు అంచు ప్రశంసాపత్రం వచ్చింది: గల్ముం మందిరానికి, జిల్లా మహాపోటీలో ద్వితీయ స్థానం. బ్యోన్ దాన్ని పటం కట్టించి నా అక్షరాల పక్కనే, కొంచెం పై ఎత్తున, తగిలించాడు. రేవులో ఎదురుపడ్డవారందరికీ ద్వితీయ స్థానం సంగతి చెప్పాడు. చేపలు కొనడానికి పొరుగూరినుంచి వచ్చినవారికి కూడా చెప్పాడు. వచ్చే ఏటి పోటీకి దరఖాస్తు ఫారం కూడా ఆ కవరులోనే వచ్చింది. కెప్టెన్ రెండు చేతులతో కలం పట్టుకుని, అలల మీద పడవలా ఊగే తన పేరు తానే రాశాడు. రాసి, నా వైపు తోశాడు.

"సరిచూడు మాస్టారూ. ఏమైనా వదిలేశానా?"

కార్యదర్శిని గనుక వెనకవైపు కూడా చదివాను. అక్కడ సన్నని అక్షరాలతో గడచిన పోటీ వివరాలు అచ్చువేశారు: తేదీ, వేళ, నిర్వాహకులు, పాల్గొన్న మందిరాల మొత్తం సంఖ్య.

రెండు.